సాయంత్రమైతే అలిగే బాయిలర్

మా చిన్నప్పుడు మా పెరట్లో ఒక రాగి బాయిలర్ ఉండేది. మీలో కొందరైనా తాతగారి ఇళ్ళలో చూసే ఉంటారు. ఇప్పుడది చాలా చోట్ల అటక మీదికో, పాతసామాన్ల కొట్టుకో చేరిపోయింది. చూడటానికి డ్రమ్ములా ఉంటుంది. దాని నడుమ, కింది నుంచి పైదాకా ఒక గొట్టం. ఆ గొట్టంలో బొగ్గులూ, కొబ్బరి చిప్పలూ వేసి రాజేస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. పైన గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తే, పక్కనున్న ముక్కులోంచి చెంబుడు వేణ్ణీళ్ళు బయటికి వస్తాయి. పోయకపోతే రావు.

మా నాయనమ్మది ఒకటే ఆజ్ఞ: నీళ్ళు నిండుగా ఉన్నాయో లేదో చూడకుండా నిప్పు వేయకూడదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒక ధనుర్మాసపు తెల్లవారుజామున ఆ ఆజ్ఞ మరిచాను. పావుగంటలో బాయిలర్ అడుగున మాటు ఊడింది. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. కాని రాగి రేకులను అతికే మాటు తగరం, సీసం కలిసిన మిశ్రమం. దానికి 200 డిగ్రీల లోపే చాలు. నీళ్ళున్నంత సేపూ లోహం వేడి 100 డిగ్రీలను పెద్దగా దాటదు. వచ్చిన వేడిని వచ్చినట్టే నీళ్ళు పట్టుకుపోతాయి. నీళ్ళు లేకపోతే ఆ వేడి లోహంలోనే పేరుకుంటుంది. ఈ సంగతి ఆ రోజు తిన్న చీవాట్లతో సహా నాకు బాగా తలకెక్కింది.

కాని నేను నేర్చుకున్నది సగమేనని నలభై ఏళ్ళ తర్వాత తెలిసింది. నీళ్ళు నిండుగా ఉంటే చాలదు. అవి కదలాలి. ఈ రెండో సగాన్ని నాకు నేర్పింది ఇంగ్లండులోని ఒక బాయిలర్. నిజానికి బాయిలర్ కూడా కాదు, మా అక్క నేర్పింది. ఆ కథే ఇది.

ఇంటికంతటికీ ఒకే పొయ్యి

మా మేనల్లుడు లండనుకు పడమరగా ఉన్న రెడింగ్ అనే ఊళ్ళో ఉంటున్నాడు. వందేళ్ళు దాటిన ఇటుకల ఇల్లు కొనుక్కున్నాడు. 2023లో వాడి భార్యకు నెలలు నిండాయి. వియ్యపురాలికి వీసా ఆలస్యం కావడంతో కాన్పుకు మా అక్కే వెళ్ళింది.

మన లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున ఐదు డిగ్రీల లోపుకు దిగితే పత్రికల్లో వార్త వేస్తారు. అక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో అది మామూలు. అందుకని ఇళ్ళను లోపలి నుంచి వెచ్చబరుస్తారు. గదికొక కుంపటి పెట్టుకునే రోజులు పోయాయి. ఇంటికంతటికీ ఒకే గ్యాస్ బాయిలర్ ఉంటుంది. అందులో కాగిన నీటిని ఒక పంపు రాగి గొట్టాలగుండా గదిగదికీ తోస్తుంది. ప్రతి గదిలో గోడ వారగా ఒక ఉక్కు పలక. లోపల డొల్లగా ఉండి, అందులోంచి వేడినీరు పారుతుంది. దీన్ని రేడియేటర్ అంటారు. పేరు చూసి ఇది వేడిని వికిరణం ద్వారానే ఇస్తుందనుకోకండి. పలకను తాకిన గాలి వేడెక్కి, తేలికై, పైకి లేస్తుంది. చల్లగాలి కింది నుంచి వస్తుంది. అంటే ఎక్కువ పని చేసేది సంవహనమే. పేరు పెట్టినవారిని ఇప్పుడు అడగలేం.

పలకల్లో వేడిని వదిలేసిన నీరు మరో గొట్టంగుండా తిరిగి బాయిలర్‌కు చేరుతుంది. వెళ్ళే గొట్టం ఒకటి, వచ్చే గొట్టం ఒకటి. నిచ్చెనకు రెండు నిలువు కర్రలున్నట్టు ఆ రెండూ ఉంటే, రేడియేటర్లు నిచ్చెన మెట్లలాగ వాటి మధ్య ఉంటాయి. విద్యుత్తు పాఠంలో చదివిన సమాంతర సంధానం గుర్తుకు తెచ్చుకోండి. ఒక మెట్టు మూసేసినా మిగిలిన మెట్లగుండా నీరు పోతుంది. ఈ పోలికను మరిచిపోకండి, మళ్ళీ పని పడుతుంది.

దీనికి ముగ్గురు కాపలాదార్లు. మొదటిది గది థర్మోస్టాట్. అది గోడ మీద ఉండి, గాలి 20 డిగ్రీలకు చేరేదాకా "ఇంకా వేడి కావాలి" అని బాయిలర్‌కు చెబుతూ ఉంటుంది. రెండోది బాయిలర్‌లోని థర్మోస్టాట్. నీరు 80 డిగ్రీలకు రాగానే మంట ఆర్పుతుంది, చల్లబడగానే మళ్ళీ వెలిగిస్తుంది. ఈ రెండూ తమ పని తాము చేసుకుపోతాయి. మూడోది మాత్రం వేరు. నీరు 95 డిగ్రీలు దాటి ప్రమాదం వైపు పోతుంటే, అది గ్యాసు కట్టేసి, ఎర్రదీపం వెలిగించి, పనంతా ఆపేస్తుంది. మనిషి వచ్చి మీట నొక్కితే తప్ప తిరిగి వెలగనివ్వదు. వేడిని తనంతట తానే అదుపు చేసుకునే ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1600ల తొలి దశాబ్దాల్లోనే కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చి దేశస్థుడు, గుడ్లు పొదిగే పెట్టెకు పాదరసంతో పనిచేసే అలాంటి ఏర్పాటు చేశాడు.

మరమ్మతుల తర్వాత మొదలైన జబ్బు

పసిబిడ్డ వస్తోందని మేనల్లుడు ఆ సెప్టెంబరులో ఇంటికి పెద్ద ఎత్తున మరమ్మతులు చేయించాడు. వంటింటికీ భోజనాల గదికీ మధ్య గోడ తీయించాడు. ఒంటి అద్దాల పాత కిటికీలకు బదులు, రెండు అద్దాల మధ్య ఖాళీ ఉండే కొత్తవి పెట్టించాడు. అన్ని రేడియేటర్లకూ వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే కవాటాలు బిగించారు. స్నానాలగదిలో తుప్పు పట్టిన రేడియేటర్ తీసి కొత్తది పెట్టారు. వీధి తలుపు దగ్గరి ఇరుకు నడవలో పాప బండికి చోటు కోసం అక్కడి రేడియేటర్ తీసేశారు. కూల్చిన గోడ మీద గది థర్మోస్టాట్ ఉండేది, దాన్ని తెచ్చి ఆ నడవలో తగిలించారు. బాయిలర్ మాత్రం పాతదే, పదిహేడేళ్ళుగా ఏ పేచీ లేకుండా నడిచినదే.

నవంబరులో చలి ముదిరింది. బాయిలర్ అలగడం మొదలుపెట్టింది. వెలుగుతుంది, కాసేపటికి లోపల కెటిల్ మరుగుతున్నట్టు గుర్రుమంటుంది, ఎర్రదీపం వేసుకుని ఊరుకుంటుంది. మీట నొక్కితే మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆగుతుంది. అర్ధరాత్రికి ఇల్లు 14 డిగ్రీలకు దిగిపోయేది. మూడు వారాల పసిగుడ్డు. అక్క తన శాలువా కూడా పాపకే కప్పి కూర్చునేదట.

అక్కడ రాత్రి ఏడు గంటలైతే మనకు పన్నెండున్నర. ఒక రాత్రి ఫోను మోగింది. "మామయ్యా, బాయిలర్ వేడెక్కి ఆగిపోతోంది. ఇప్పటికి నాలుగుసార్లు మీట నొక్కాను" అన్నాడు మేనల్లుడు.

"ఒరేయ్, ఇంక నొక్కకు" అన్నాను ముందు. మూడో కాపలాదారు ఊరికే అరవదు. అది అరిచిన ప్రతిసారీ మనం నోరు మూయిస్తూ పోతే, నిజంగా కొంప మునిగే రోజున దాని మాట వినేవాళ్ళుండరు. ఆ దేశంలో గ్యాసు పరికరం మూత తీసి పని చేయాలంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న మెకానిక్ అయి ఉండాలి, అది చట్టం. కాబట్టి మా పరిశోధన అంతా బయటి నుంచి చూసి, కొలిచి చేసిందే.

నా మొదటి తప్పు

గుర్రుమనే చప్పుడు వినగానే నాకు రసాయనశాస్త్రం గుర్తొచ్చింది. రెడింగ్ ప్రాంతపు నీరు సుద్దరాతి పొరల్లోంచి వస్తుంది, కఠిన జలం. అందులోని కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి, కాల్షియం కార్బొనేట్‌గా గొట్టాల లోపల పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు వేడిని సరిగా పోనివ్వదు. "లోపల సున్నపు పెచ్చు కట్టింది, మందు పోసి కడిగించు" అని ఎంతో ధీమాగా చెప్పాను. వాడు మెకానిక్‌ను పిలిచి డబ్బు పోసి కడిగించాడు. కొంత నల్లని బురదనీరు వచ్చింది. మర్నాడు సాయంత్రం మళ్ళీ ఎర్రదీపం.

అప్పుడు కాగితం తీసి లెక్క వేశాను. ముందే వేయవలసింది. గొట్టాలు, రేడియేటర్లు, బాయిలర్ అన్నిట్లో కలిపి ఉండే నీరు సుమారు 100 లీటర్లు. లీటరుకు 300 మిల్లీగ్రాముల సున్నం ఉందనుకుందాం. ఉన్నదంతా పెచ్చు కట్టినా 30 గ్రాములు. వాళ్ళ టీ కెటిల్‌లో రోజుకు ఐదు లీటర్లు కాగుతాయనుకుంటే, ఇరవై రోజుల నీళ్ళలో ఉండేంత. పైగా ఇది మూసి ఉన్న వలయం. ఆ నీరే తిరుగుతుంది గాని రోజూ కొత్త నీరు రాదు. కుళాయి నీటిని కాచే గీజరుకైతే నా మాట సరిపోయేది, దీనికి కాదు. ఆ నల్లని బురద కూడా సున్నం కాదు. ఉక్కు పలకలు లోపల మెల్లగా తుప్పు పట్టగా వచ్చిన ఇనుప ఆక్సైడు. అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కుంటుంది.

తర్వాత మెకానిక్ ఉష్ణోగ్రతను కనిపెట్టే భాగాన్ని మార్చి చూశాడు. గుణం లేదు. ఇదీ ఒకందుకు మేలే అయింది. కొత్త భాగం కూడా పాతదాని మాటే చెబుతున్నదంటే సాక్షి అబద్ధమాడటం లేదు, నీరు నిజంగానే వేడెక్కుతోంది. అనుమానం సాక్షి మీది నుంచి తీసేసి దొంగ కోసం వెతకాలి.

అక్క పద్దుల పుస్తకం

నేనూ మేనల్లుడూ ఇలా తర్జనభర్జన పడుతుంటే, వెనక నుంచి మా అక్క గొంతు వినిపించింది: "ఒరేయ్ తమ్ముడూ, పొద్దున పూట అది ఎప్పుడూ ఆగదురా."

అక్క ఏడో తరగతి దాకా చదివింది. పెళ్ళైన నాటి నుంచీ పాల లెక్క, చాకలి పద్దు పుస్తకంలో రాయడం అలవాటు. అక్కడ పాలవాడు లేడు, చాకలి లేడు. పాప ఎన్నిసార్లు పాలు తాగిందో రాయడానికి పెట్టుకున్న పుస్తకంలోనే, ఎర్రదీపం వెలిగిన వేళలు కూడా రాస్తూ వచ్చింది. ఆ పుటలు ఫొటో తీసి పంపమన్నాను. పదకొండు రోజుల్లో పద్నాలుగు సార్లు ఆగింది. పద్నాలుగూ సాయంత్రం ఆరున్నర తర్వాతే. పొద్దున ఇల్లు మంచులా ఉన్నప్పుడు, బాయిలర్ రెండు గంటలు ఏకధాటిగా మండినా ఒక్కసారీ ఆగలేదు!

ఆలోచించండి. సున్నం పెచ్చు పొద్దున ఉండి సాయంత్రం పోదు. పాడైన భాగం వేళ చూసుకుని పాడవదు. మరి సాయంత్రానికి మారేదేమిటి?

ఆ పదకొండు రోజుల్లో ఒక్క సాయంత్రం మాత్రం దీపం వెలగలేదు. "ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగాను. "ఎండుమిరపకాయల పోపు మాడింది. ఇంట్లో పొగ గంట మోగి గోల చేసింది. కిటికీలు, పెరటి తలుపు గంటసేపు బార్లా తెరిచాం" అంది. ఇంకో మాట కూడా చేర్చింది: దీపం వెలగడానికి ముందు మేడ మీది రేడియేటర్ దగ్గర సన్నగా ఈల వినిపిస్తుందట.

నాకు నిద్ర మత్తు వదిలింది. తలుపులు తీసి ఇల్లు చల్లబడితే బాయిలర్ బాగుంటుంది. ఇల్లు వెచ్చబడితే పాడవుతుంది!

కొలత ఏం చెప్పింది?

మేనల్లుడి చేత వంటకు వాడే థర్మామీటర్లు రెండు తెప్పించాను. బాయిలర్ నుంచి బయలుదేరే గొట్టానికి ఒకటి, తిరిగి వచ్చే గొట్టానికి ఒకటి ఆనించి, పైన గుడ్డ చుట్టి కట్టమన్నాను. గొట్టాన్ని చేత్తో ముట్టవద్దని, అది కాలుతుందని కూడా చెప్పాను.

పొద్దున: వెళ్ళేది 74 డిగ్రీలు, వచ్చేది 60. తేడా 14.

సాయంత్రం, దీపం వెలగడానికి కాస్త ముందు: వెళ్ళేది 84, వచ్చేది 41. తేడా 43.

ఇప్పుడు మీ పుస్తకంలోని సూత్రం తీయండి. ఉష్ణం = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో తేడా. ఆ బాయిలర్ మంట 18 కిలోవాట్లు. అంటే సెకనుకు 18,000 జౌళ్ళ ఉష్ణాన్ని నీటికిస్తుంది. నీటి విశిష్టోష్ణం కిలోగ్రాముకు, డిగ్రీకి సుమారు 4,200 జౌళ్ళు. పొద్దున సెకనుకు ఎంత నీరు పారింది? 18,000ను 4,200 × 14తో భాగించండి. సుమారు 0.3 కిలోగ్రాము, అంటే నిమిషానికి 18 లీటర్లు. సాయంత్రం? 18,000ను 4,200 × 43తో భాగిస్తే 0.1. నిమిషానికి ఆరే లీటర్లు. ఉజ్జాయింపు లెక్కే గాని, విషయం దాచకుండా చెప్పింది. పంపు అదే, గొట్టాలు అవే, నీరు మాత్రం మూడో వంతుకు పడిపోయింది. ఎవరో దారి మూసేస్తున్నారు.

ఎవరో కాదు, కొత్త కవాటాలే. వాటి తలలో మైనమో, ద్రవమో నింపిన చిన్న డిబ్బీ ఉంటుంది. గది వెచ్చబడితే అది వ్యాకోచించి ఒక సూదిని కిందికి నొక్కుతుంది, నీటి దారి మూసుకుపోతుంది. గది చల్లబడితే సంకోచించి వదులుతుంది. కరెంటు అక్కర్లేదు. డెన్మార్కు దేశస్థుడు మాడ్స్ క్లాసన్ 1943లో కనిపెట్టిన ఏర్పాటు ఇది. నాకెంతో ఇష్టమైన పరికరాల్లో ఒకటి. ఇంధనం బాగా ఆదా చేస్తుంది.

సాయంత్రం ఏం జరుగుతోందో ఇప్పుడు చూడండి. వంట పొయ్యి వెలుగుతుంది, అందరూ ఇంట్లో ఉంటారు. కొత్త కిటికీలు వేడిని పోనివ్వవు. ఒంటి అద్దమైతే చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 5 వాట్లు బయటికి పోతుంది. కొత్తరకం జంట అద్దాలగుండా ఒకటిన్నర వాటే. ఇంట్లో మొత్తం పది చదరపు మీటర్ల కిటికీలుండి, లోపలికీ బయటికీ 18 డిగ్రీల తేడా ఉంటే, 900 వాట్లు పోయేచోట 270 వాట్లే పోతాయి. కాబట్టి గదులు తొందరగా వెచ్చబడతాయి. కవాటాలు ఒక్కొక్కటే మూసుకుంటాయి. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే తగ్గిపోతాయి. చివరి మెట్టు సందులోంచి నీరంతా దూరబోతుంది, ఈల అక్కడిది. తర్వాత అదీ మూసుకుంటుంది.

అప్పుడు బాయిలర్ ఆరిపోవాలి కదా అంటారు. ఆరిపోవాలని చెప్పవలసింది గది థర్మోస్టాట్. అది ఎక్కడుంది? వీధి తలుపు పక్కన, రేడియేటర్ తీసేసిన నడవలో! అక్కడ 17 డిగ్రీలు దాటవు. ఇల్లంతా వెచ్చగా ఉన్నా అది మాత్రం "చలి, చలి" అని బాయిలర్‌ను తరుముతూనే ఉంది.

ఇంకొక్క చిక్కు మిగిలింది. పాతింట్లో స్నానాలగది రేడియేటర్‌కు కవాటమే లేదు. అందరూ దాన్ని పాతకాలపు లోపం అనుకున్నారు. నిజానికి పదిహేడేళ్ళూ బాయిలర్‌ను కాపాడింది అదే. అన్ని దారులూ మూసుకున్నా ఆ ఒక్క దారి తెరిచి ఉండేది. మరమ్మతుల్లో దానికీ కొత్త కవాటం పెట్టారు. చూశారా! కిటికీలు మంచివే, కవాటాలు మంచివే, నడవలో చోటు అవసరమే. పనివాళ్ళు ఎవరి పని వారు శుభ్రంగానే చేశారు. నీరు ఎటు పోతుందని మొత్తం వలయాన్ని ఒకసారి వేలుపెట్టి గీసి చూసినవారు లేరు.

నీరు ఆగితే అంత తొందరా?

మంట ఆర్పే రెండో కాపలాదారు ఉంది కదా, 80 దగ్గర అదెందుకు ఆపలేదు? ఈ ప్రశ్న మా తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న.

లెక్క కోసం, బాయిలర్ లోపలి ఇనుప భాగం 20 కిలోలు, అందులో ఉన్న నీరు 3 లీటర్లు అనుకుందాం. నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 12.6 కిలోజౌళ్ళు కావాలి. ఇనుము విశిష్టోష్ణం నీటిలో తొమ్మిదో వంతే, అయినా 20 కిలోలకు 9.2 కిలోజౌళ్ళు. రెండూ కలిపి 21.8. మంట సెకనుకు 18 ఇస్తోంది. నీరు కదలకపోతే సెకనుకు 0.8 డిగ్రీ చొప్పున వేడి ఎక్కుతుంది! 60 నుంచి 80కి పాతిక సెకన్లు చాలు. థర్మోస్టాట్ తాను వేడెక్కి మేలుకునేలోగా గీత దాటిపోతుంది.

సరే, మేలుకుని మంట ఆర్పిందనుకోండి. మంట ఆరినా ఇనుములో దాగిన వేడి ఆరదు. పొయ్యి కట్టేసిన తర్వాత కూడా పాలు పొంగి గట్టు మీద పడటం మీరెరుగుదురు. దోసె పెనం ఎంతసేపు కాలుతుందో కూడా ఎరుగుదురు. ఆ క్షణాన నీరు 80, ఇనుము 120 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, రెండూ సర్దుకునేసరికి ఎంతవుతుంది? 9.2 × 120, 12.6 × 80 కూడి 21.8తో భాగించండి. 97 డిగ్రీలు. మూడో కాపలాదారు అరిచే చోటు! నీరు పారుతూ ఉంటే ఈ మిగులు వేడి కూడా రేడియేటర్లకు పోయి ఉండేది.

గుర్రుమనే చప్పుడు సంగతి కూడా తేలింది. ఆ వలయంలో నీటి పీడనం వాతావరణ పీడనానికి రెట్టింపు దాకా ఉంటుంది. మన ప్రెషర్ కుక్కర్‌లో లాగే అక్కడ నీరు 120 డిగ్రీల దగ్గరగాని మరగదు. మొత్తం నీరు మరగలేదు. కాని మంట నేరుగా తగిలే చోట, ఇనుమును అంటుకున్న పలుచని నీటిపొర మరిగి బుడగలౌతుంది. అవి పక్కనున్న చల్లని నీటిలోకి రాగానే టపటప పగిలి కుంచించుకుపోతాయి. ఆ చప్పుడుకు కారణం సున్నపు పెచ్చే కానక్కర్లేదు. నేనక్కడే బోర్లాపడ్డాను.

మూడు రాత్రుల పరీక్ష

ఊహ ఎంత అందంగా ఉన్నా పరీక్షకు నిలబడాలి. ఒకసారి తప్పు చెప్పి వాడి డబ్బు వదిలించాను కాబట్టి ఈసారి జాగ్రత్తపడ్డాను. మొదటి రాత్రి అన్ని కవాటాలనూ పూర్తిగా తెరిచి ఉంచమన్నాను. బాయిలర్ ఆగలేదు. ఇల్లు మాత్రం 24 డిగ్రీలై, పాప చెమటలు పట్టి ఏడ్చింది. రెండో రాత్రి అన్నీ యథాస్థానంలో పెట్టి, స్నానాలగది కవాటం తల ఒక్కటే విప్పేయించాను. తల లేకపోతే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆగలేదు. మంట మాటిమాటికీ ఆరి వెలిగింది గాని ఎర్రదీపం రాలేదు. మూడో రాత్రి ఆ తల తిరిగి బిగించమన్నాను. "బాగుంది కదా మామయ్యా, మళ్ళీ చెడగొట్టడం ఎందుకు?" అని మేనల్లుడు విసుక్కున్నాడు. జబ్బును మనంతట మనం రప్పించగలిగితేనే కారణం దొరికినట్టు. ఏడూ నలభైకి ఎర్రదీపం వెలిగింది. నాకు కలిగిన సంతోషం ఆ ఇంట్లో ఇంకెవరికీ కలగలేదు.

ఆ వారంలోనే గుర్తింపు ఉన్న మెకానిక్ వచ్చి, వెళ్ళే గొట్టానికీ వచ్చే గొట్టానికీ మధ్య, బాయిలర్ దగ్గరలో ఒక అడ్డదారి గొట్టం వేశాడు. దానికి స్ప్రింగు కవాటం ఉంటుంది. రేడియేటర్లు మూసుకుని పంపు ఒత్తిడి పెరిగితే ఆ స్ప్రింగు నొక్కుకుని దారి ఇస్తుంది, లేనప్పుడు మూసుకునే ఉంటుంది. గది థర్మోస్టాట్‌ను నడవ నుంచి తీసి ముందుగదిలోకి మార్చారు. ఆ గదిలోని రేడియేటర్‌కు కవాటం తల తీసేశారు. ఒకే గదిని ఇద్దరు కాపలాదార్లు కాస్తే ఒకరి మాట ఒకరికి అడ్డం వస్తుంది. మెకానిక్ ఇంకో సంగతి కూడా చెప్పాడట: కొత్త కిటికీలతో ఆ ఇంటికి అంత పెద్ద మంట అక్కర్లేదని, ఈసారి బాయిలర్ మార్చేటప్పుడు చిన్నది చాలని.

ఇనుములో దాగే వేడిని మీరూ చూడవచ్చు. ఒకే వెడల్పున్న పలుచని అల్యూమినియం గిన్నె, మందపాటి ఇనుప మూకుడు తీసుకోండి. ఒక్కోదాంట్లో గ్లాసుడు నీళ్ళు పోసి, థర్మామీటర్ 70 డిగ్రీలు చూపగానే పొయ్యి కట్టేసి, అర నిమిషానికొకసారి కొలత రాయండి. పెద్దవాళ్ళు పక్కనుండగానే చేయండి. మా బడిలో చేసినప్పుడు అల్యూమినియం గిన్నెలో డిగ్రీ పెరిగి ఆగిపోయింది, మూకుడులో ఆరు డిగ్రీలు పెరిగింది. మీ మూకుడు బరువును బట్టి మీకు వేరే అంకె రావచ్చు.

అక్క మార్చిలో తిరిగి వచ్చింది. పద్దుల పుస్తకం కూడా తెచ్చింది, నేనే అడిగి తీసుకున్నాను. డిసెంబరు రెండో వారం తర్వాత బాయిలర్ పద్దు లేదు, పాల లెక్కే ఉంది. స్నానాలగది రేడియేటర్‌కు మాత్రం కవాటం తల మళ్ళీ పెట్టనివ్వలేదట. అడ్డదారి గొట్టం వేశారు కదా, ఇంక దాని అవసరం లేదని కొడుకు చెప్పినా వినలేదు. ఆ ఒక్కటే ఇంట్లో ఎప్పుడూ వేడిగా ఉంటుందని, పాప బట్టలన్నీ దాని మీదే ఆరేసిందట.